పేద ఎవరో చెప్పేది ఎవరు?

2025లో రెండు ఒప్పందాలు కుదిరాయి. జనవరిలో ఒడిశా, ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వాలు కేంద్రం నడుపుతున్న ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో చేరుతూ సంతకాలు చేశాయి. ఆరేళ్లకు పైగా ‘మా ఏర్పాటు మాకుంది, మీది మాకక్కర లేదు’ అంటూ వచ్చిన ఈ రెండు ప్రభుత్వాల మనసు మారడానికి కారణం వైద్యంలో వెదికితే దొరకదు. భువనేశ్వర్‌లో 2024 జూన్‌లోను, ఢిల్లీలో 2025 ఫిబ్రవరిలోను అధికారంలో ఉన్న పార్టీ మారింది. కొత్తగా వచ్చిన పార్టీ కేంద్రంలో ఉన్న పార్టీయే. అంతకు మించి వివరణ అవసరం లేదు.

పేదల వైద్యం విషయంలో కేంద్ర రాష్ట్రాల మధ్య నడిచే తగాదాను కార్డు మీద ఎవరి బొమ్మ ఉండాలన్న తగాదాగా చూడడం మన రాజకీయ వ్యాఖ్యానానికి అలవాటైపోయింది. బొమ్మ తగాదా లేదని అనను. 2019 జనవరిలో పశ్చిమ బెంగాల్ ఈ పథకం నుంచి వైదొలగినప్పుడు మమతా బెనర్జీ చెప్పిన కారణాల్లో, ప్రధాని చిత్రంతో లబ్ధిదారుల ఇళ్లకు నేరుగా వెళ్లిన ఉత్తరాలు ప్రధానమైనవి. కాని బొమ్మ కింద మరో తగాదా ఉంది. అది దాదాపు వందేళ్ల నాటిది. రోగం వచ్చిన పేదవాడికి జవాబు చెప్పవలసింది ఎవరు, ఆ పేదవాడెవరో నిర్ణయించేది ఎవరు, ఖర్చు భరించేది ఎవరు? ఈ మూడు అధికారాలూ ఒక్క చోట ఉన్న రోజు మన చరిత్రలో చాలా అరుదు. రాష్ట్రాలకు మరింత అధికారం ఇవ్వాలా వద్దా అని వాదించే ముందు, ఇంతవరకు వాటికి ఇచ్చినదేమిటో చూడడం మంచిది.

1919 నాటి భారత ప్రభుత్వ చట్టం ద్వంద్వ పాలనను తెచ్చింది. ప్రావిన్సుల పరిపాలనను రెండు భాగాలుగా విడదీసి శాంతిభద్రతలు, భూమిశిస్తు, ఆర్థికం గవర్నరుకు, ఆయన కార్యనిర్వాహక సభ్యులకు ఉంచింది. విద్య, స్థానిక స్వపరిపాలన, వైద్యం, ప్రజారోగ్యం శాసనమండలికి జవాబుదారీగా ఉండే భారతీయ మంత్రులకు అప్పగించింది. పైకి చూస్తే ఇది పెద్ద వికేంద్రీకరణే. కలరా వస్తే మండలిలో లేచి సమాధానం చెప్పవలసినవాడు మంత్రి. అయితే ఆ కలరాకు ఎంత ఖర్చు పెట్టాలో చెప్పే ఆర్థిక శాఖ గవర్నరు కొలువులో ఉంది. పైపెచ్చు మెస్టన్ నివేదిక ప్రకారం ప్రావిన్సులన్నీ కలిసి ఏటా 983 లక్షల రూపాయలు కేంద్ర ఖజానాకు చెల్లించాలి. అందులో మద్రాసు ఒక్కదాని వాటా 348 లక్షలు, అంటే మూడోవంతుకు మించి. సంపన్నమైన బొంబాయికి 56 లక్షలు, బెంగాలుకు 63 లక్షలు. ఈ చెల్లింపులు పూర్తిగా రద్దయ్యే సరికి 1920 దశకం ముగింపుకు వచ్చింది.

ఆ ఇరుకులోనే మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం పని చేసింది. 1921 నుంచి 1926 వరకు ప్రథమ మంత్రిగా ఉన్న పానగల్ రాజా రామరాయనింగార్ కాళహస్తిలో పుట్టినవాడు. చెన్నై త్యాగరాయనగర్‌లోని పార్కు పేరుగా తప్ప ఆయన నేడు మనలో చాలామందికి గుర్తు లేడు. పల్లెల్లో కొత్త ఆసుపత్రులు కట్టే స్తోమత ఆ ప్రభుత్వానికి లేదు. అందుచేత పల్లెలో నివాసం ఉండి వైద్యం చేయడానికి ఒప్పుకున్న వైద్యుడికి ప్రభుత్వం తరఫున కొద్దిపాటి వార్షిక భృతి ఇచ్చే ఏర్పాటు 1924 ప్రాంతంలో మొదలైంది. 1925లో మద్రాసులో దేశీయ వైద్యం నేర్పే ప్రభుత్వ పాఠశాల తెరిచారు. ఇవి మహత్తర విజయాలని నేననను. అధికారం ఉండి ధనం లేని మంత్రి ఏం చేయగలడో అదే జరిగింది. అయినా పేదకు వైద్యం అందించడానికి ప్రైవేటు వైద్యుడికి ప్రభుత్వం డబ్బిచ్చే పద్ధతి తెలుగు నేలకు 2007లో కొత్తగా రాలేదని గుర్తించడానికి ఈ భృతి పథకం చాలు.

1937లో ప్రావిన్సులకు స్వయంపాలన వచ్చాక పరిస్థితి కొంత మారింది. రాజాజీ మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ చూసిన డాక్టర్ టి.ఎస్.ఎస్. రాజన్ 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం తెచ్చారు. దేశంలో అటువంటి సమగ్ర చట్టం అదే మొదటిది. ఆంధ్ర ప్రాంతానికి ఆ చట్టం వారసత్వంగా సంక్రమించింది. ఒక ప్రావిన్సు తన కోసం చేసుకున్న చట్టం, దేశం మొత్తానికి అటువంటిది ఇప్పటికీ లేకపోయినా, ఎనిమిది దశాబ్దాలు దాటి బతికి ఉంది.

స్వాతంత్ర్యానికి ముందు 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదన్నది దాని మూల సూత్రం. స్వల్పకాలిక ప్రణాళికలో 40 వేల జనాభాకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని అది చెప్పింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, భోర్ నివేదికలో ‘పేద’ను వేరుచేసి కార్డు ఇచ్చే ఆలోచన లేదు. ఆసుపత్రి అందరిదీ. వచ్చినవారిలో ఎవరు పేద అన్న ప్రశ్న ఆసుపత్రి వాకిట్లో వేయనక్కరలేదు. ఆ దారిన మనం నడిచి ఉంటే ఈ వ్యాసానికి ఇతివృత్తం ఉండేది కాదు.

రాజ్యాంగం ఏం చేసింది? ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 6వ అంశంగా ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు రాష్ట్రాలకు వదిలింది. ఉమ్మడి జాబితాలో 23వ అంశంగా సామాజిక భద్రత, సామాజిక బీమాలను ఉంచింది. ఆసుపత్రి రాష్ట్రానిది, బీమా ఇద్దరిదీ. ఆ తరువాత 282వ అధికరణం ఒకటుంది. తనకు చట్టం చేసే అధికారం లేని విషయంలోనైనా ప్రజా ప్రయోజనం పేరిట కేంద్రం డబ్బు ఖర్చు పెట్టవచ్చునని అది అంటుంది. నిర్మాతలు చిన్న వెసులుబాటుగా భావించిన ఆ అధికరణం గుండా గడచిన డెబ్భై అయిదేళ్లలో ఎన్ని కేంద్ర పథకాలు రాష్ట్రాల ఇళ్లలోకి ప్రవేశించాయో లెక్క తీస్తే అదొక ప్రత్యేక గ్రంథమవుతుంది. 2018 నాటి జన ఆరోగ్య యోజనకు కూడా పార్లమెంటు చేసిన చట్టమేదీ ఆధారం కాదు. కేంద్ర మంత్రివర్గ నిర్ణయం, రాష్ట్రాలతో ఒప్పంద పత్రాలు, వాటి వెనక డబ్బు మాత్రమే దాని ఆధారాలు.

బీమా దారిలో కేంద్రం వేసిన తొలి అడుగు 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ దానిని ప్రారంభించారు. చందాలు, చట్టం, కార్పొరేషను కేంద్రానివి. వైద్యం అందించే బాధ్యత రాష్ట్రాలది. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషన్‌వి, ఒక వంతు రాష్ట్రానిది. పంపకంగా చూస్తే ఇది చెడ్డదేమీ కాదు. నా దృష్టిలో ఆ తరువాత వచ్చిన చాలా పంపకాల కంటె నిజాయితీ గలది. కాని అది ఫ్యాక్టరీ గేటు లోపలి జీతగాడి కోసం. గేటు బయట ఉన్న కూలీకి, కౌలుదారుకు, ఇంటిపనిచేసే స్త్రీకి ఆ చట్టంలో చోటు లేదు. వారి సంగతి రాష్ట్రం చూసుకోవాలి. రాష్ట్రానికి ధర్మాసుపత్రి తప్ప మరో మార్గం లేదు.

కేంద్రం చేతికి ఎక్కువ అధికారం వస్తే పేదలకు మేలు జరుగుతుందని వాదించేవారు 1976ను ఒకసారి చదువుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్ ప్రకటించిన జాతీయ జనాభా విధానం, రాష్ట్ర ప్రణాళికలకు కేంద్రం ఇచ్చే సహాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణలో ఆయా రాష్ట్రాలు చూపే పనితీరుతో ముడిపెట్టింది. అదే ఏడాది 42వ సవరణ జనాభా నియంత్రణను, కుటుంబ నియంత్రణను ఉమ్మడి జాబితాలో చేర్చింది. వైద్యవిద్య కూడా అప్పుడే ఆ జాబితాలోకి వెళ్లింది. 1976-77లో దేశంలో జరిగిన సంతానోత్పత్తి నిరోధక ఆపరేషన్లు 82 లక్షలకు పైగా. ఆ కత్తి కిందికి వెళ్లినవారిలో ఎక్కువమంది ఎవరో చెప్పనక్కరలేదు. లక్ష్యం కేంద్రానిది, పట్టుకువచ్చింది రాష్ట్రపు తహశీల్దారు, పోలీసు. అత్యవసర పరిస్థితి ప్రత్యేక సందర్భం కదా అనవచ్చు. ప్రత్యేకమే. అయినా డబ్బును షరతుతో ముడిపెట్టి, ఒకే లక్ష్యాన్ని అన్ని రాష్ట్రాల మీదా పరచే పద్ధతి ఆ పరిస్థితితోపాటు పోలేదు.

ఇక పేదల లెక్క సంగతి. ఇది వైద్యంలో మొదలు కాలేదు, బియ్యంలో మొదలైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో పేద అంటే ఎవరో రాష్ట్ర ప్రభుత్వమే ఉదారంగా నిర్వచించుకుంది. తెల్ల రేషను కార్డు ఆ నిర్వచనానికి గుర్తయింది. తరువాత వచ్చిన ప్రభుత్వాలు ఆ కార్డుల సంఖ్యను తగ్గించే సాహసం పెద్దగా చేయలేదు. ఇటు ప్రణాళికా సంఘం లెక్క వేరు. దాని అంచనా ప్రకారం 1993-94లో ఆంధ్రప్రదేశ్‌లో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు 22 శాతం, గ్రామాల్లో అయితే 16 శాతం. 1997లో కేంద్రం ప్రజాపంపిణీని పేదలకు పరిమితం చేసినప్పుడు తన బియ్యం కోటాను ఆ అంచనాలను బట్టే నిర్ణయించింది. పదిమందిలో ఇద్దరే పేదలని యోజనా భవన్ అంటుంటే, పదింట ఎనిమిది కుటుంబాలకు తెల్లకార్డులు ఇచ్చిన రాష్ట్రం మనది. మధ్యలో ఉన్న ఆరు కుటుంబాల భారం రాష్ట్ర ఖజానా మోసింది.

ఈ తెల్లకార్డును ఢిల్లీలో ఎగతాళి చేసేవారు ఉన్నారు. కుటుంబాల సంఖ్యను మించి కార్డులున్నాయన్న విమర్శలో నిజం లేకపోలేదు, బోగస్ కార్డుల ఏరివేత ప్రతి ప్రభుత్వమూ చేసిన పనే. అయితే బియ్యానికి అతిగా తోచిన ఆ నిర్వచనం వైద్యానికి సరిగ్గా సరిపోయింది. ఆకలి విషయంలో పేదకు, పేద కానివాడికి మధ్య గీత గీయవచ్చునేమో. గుండె కవాటం చెడినప్పుడు ఆ గీత నిలబడదు. నాలుగెకరాల మెట్ట రైతు దారిద్ర్యరేఖకు ఎగువనే ఉంటాడు. బిడ్డ ఆపరేషను కోసం రెండెకరాలు అమ్మి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన మరుసటి నెల దిగువకు వస్తాడు. రోగానికి ముందు వేసిన పేదల లెక్క రోగం తరువాత పనికిరాదు.

ఆరోగ్యశ్రీ పుట్టుక ఈ నేపథ్యంలో చూడాలి. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర, 2004లో అధికారం, ముఖ్యమంత్రి సహాయనిధి కోసం వచ్చిపడిన వైద్య సహాయం అర్జీలు: ఈ వరుస అందరికీ తెలిసిందే. అర్జీ పెట్టుకుని, ఎమ్మెల్యే ఉత్తరం తెచ్చుకుని, సచివాలయం మెట్లెక్కితే తప్ప అందని దయను హక్కు వంటి దానిగా మార్చడం ఆ పథకంలోని అసలు రాజకీయం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలైంది. మూడూ వలస జిల్లాలే. ఇక్కడ ఎవరు అర్హులన్న ప్రశ్నకు కొత్త సర్వే అవసరం రాలేదు. తెల్లకార్డు ఉన్న ప్రతి కుటుంబమూ అర్హమే. రెండు లక్షల రూపాయల వరకు రక్షణ. ఏయే చికిత్సలు చేరాలి, ఒక్కొక్కదానికి ఎంత చెల్లించాలి, ఏ ఆసుపత్రికి అనుమతి ఇవ్వాలి అన్నవి నిర్ణయించడానికి రాష్ట్ర ప్రభుత్వం సొంత ట్రస్టు పెట్టుకుంది. మొదట ప్రైవేటు బీమా సంస్థ ద్వారా నడిచిన పథకానికి 2008 జూలైలో ట్రస్టే నేరుగా చెల్లించే రెండో విభాగం తోడై, చికిత్సల జాబితా తొమ్మిది వందలు దాటింది. ఏడాదిన్నర లోపల మూడు జిల్లాల ప్రయోగం రాష్ట్రమంతా పరచుకుంది. ఆ వేగం ఒక రాష్ట్రం తనకై తాను చేసుకుంటేనే సాధ్యం.

సరిగ్గా ఆ ఏడాదే, 2008 ఏప్రిల్ 1న, కేంద్రం తన పథకంతో వచ్చింది. రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన. దీనిని నడిపింది ఆరోగ్య శాఖ కాదు, కార్మిక శాఖ. ఆసుపత్రి తలుపు రాష్ట్రానిది గనుక బీమా తలుపు తట్టడమన్నమాట. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో అయిదుగురికి ఏడాదికి 30 వేల రూపాయలు, నమోదుకు 30 రూపాయలు, ప్రీమియంలో కేంద్రానికి 75 వంతులు, రాష్ట్రానికి 25. స్మార్ట్ కార్డు చూపితే నగదు లేకుండా చికిత్స దొరికే ఆ ఏర్పాటులో మెచ్చుకోదగిన అంశాలున్నాయి. కాని లెక్క మళ్లీ ప్రణాళికా సంఘానిది. తన లెక్కలో ఎనభై వంతుల మందికి రెండు లక్షలు ఇస్తున్న ఆంధ్రప్రదేశ్‌కు, కేంద్రం లెక్కలోని కొద్దిమందికి 30 వేలు ఇచ్చే పథకంతో పని లేకపోయింది. పొరుగు రాష్ట్రాలు ఢిల్లీ కేసి కాక హైదరాబాద్ కేసి చూశాయి. తమిళనాడులో 2009లో కలైజ్ఞర్ బీమా పథకం, 2012లో జయలలిత దానిని మార్చి పెట్టిన ముఖ్యమంత్రి సమగ్ర బీమా, కర్ణాటకలో 2010లో గుల్బర్గా ప్రాంతంలో మొదలైన వాజపేయి ఆరోగ్యశ్రీ, మహారాష్ట్రలో 2012లో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ యోజన వచ్చాయి. కర్ణాటక అంతకు ముందే, 2003లోనే, సహకార సంఘాల రైతుల కోసం యశస్విని నడిపిన అనుభవం గలది. కాంగ్రెస్, డీఎంకే, అన్నా డీఎంకే, బీజేపీ అన్న తేడా లేకుండా ఒకరి పథకం చూసి ఒకరు నేర్చుకున్నారు. ఆజ్ఞ ఇచ్చినవారెవరూ లేరు. ఈ దేశంలో సమాఖ్య విధానం బాగా పని చేసిన సందర్భాలు చెప్పమంటే నేను ముందుగా చెప్పేది ఇదే.

అట్లని ఆరోగ్యశ్రీని ఆకాశానికెత్తడం సరికాదు. రాష్ట్రం స్వేచ్ఛగా నిర్ణయించుకున్నప్పుడు తప్పు కూడా స్వేచ్ఛగానే చేసింది. పెద్ద ఆపరేషనుకు లక్షలిచ్చే ప్రభుత్వం రక్తపోటు మాత్రకు, మధుమేహం పరీక్షకు పల్లెలో దిక్కు లేకుండా వదిలింది. సొమ్ములో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులకు, అందులోనూ హైదరాబాద్‌కు ప్రవహించింది. అవసరం లేని గర్భసంచి తొలగింపు ఆపరేషన్ల ఆరోపణలు అప్పుడే గుప్పుమన్నాయి. తరువాతి ప్రభుత్వం 133 చికిత్సలను సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఈ దిద్దుబాటు కూడా రాష్ట్రంలోనే, రాష్ట్రంలోని విమర్శకుల ఒత్తిడితోనే జరిగిందని గుర్తుంచుకోవాలి. ఏ జీవో ఎవరు ఇచ్చారో, ఎవరిని నిలదీయాలో జనానికి తెలుసు. జాబితా ఢిల్లీలో తయారైతే శ్రీకాకుళం మనిషి ఎవరిని అడగాలి?

2018 ఫిబ్రవరి 1న బడ్జెటు ప్రసంగంలో అరుణ్ జైట్లీ ప్రకటించిన పథకం, సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని ప్రారంభించిన పథకం, రూపంలో ఆరోగ్యశ్రీకి పెద్ద తమ్ముడు. ట్రస్టు, చికిత్సల ప్యాకేజీలు, ముందస్తు అనుమతి, ఆసుపత్రిలో రోగికి తోడుండే మిత్ర, అన్నీ రాష్ట్రాల అనుభవంలో నలిగినవే. కొత్తదేమిటంటే మొత్తం: కుటుంబానికి ఏటా అయిదు లక్షలు, 10.74 కోట్ల కుటుంబాలు. ఖర్చులో కేంద్రానికి 60, రాష్ట్రానికి 40 వంతులు, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. పాతది మాత్రం పేదల లెక్క. 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన ఆధారంగా అర్హుల్ని తేల్చారు. 2018లో రోగం వచ్చినవాడికి ఏడేళ్ల కిందటి పేదరికపు ధ్రువపత్రం కావలసివచ్చింది.

తెలుగు రాష్ట్రాలకు దీని అర్థం సూటిగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పథకం కింద ఉన్న కుటుంబాల్లో సగానికంటె తక్కువే కేంద్రం జాబితాలో ఉన్నాయి. తెలంగాణలో ఆ వంతు ఇంకా తక్కువ. కేంద్రం ఇచ్చే 60 వంతులు ఆ జాబితాలోని వారికే, అది కూడా కుటుంబానికి ఇంత అన్న పరిమితికి లోబడి. మిగిలినవారి ఖర్చంతా రాష్ట్రానిది. అయినా కార్డు మీద ఆయుష్మాన్ పేరు అందరికీ ఉండాలి. తెలంగాణ మొదట కాదని, కోవిడ్ రెండో కెరటం నడిమధ్య 2021లో చేరింది. వచ్చే కాస్త డబ్బును కాదనుకునే పరిస్థితి అప్పుడు ఏ రాష్ట్రానికీ లేదు. పార్టీ మారకుండానే వైఖరి మారిన సందర్భం ఇది. డబ్బు అవసరం సిద్ధాంతం కంటె బలమైనది.

కేంద్రం పక్షాన చెప్పవలసిన మంచి మాట ఒకటుంది, దాన్ని రాష్ట్రాల హక్కులవాదులు సాధారణంగా దాటవేస్తారు. తెలంగాణ ఇటుక బట్టీల్లో పనిచేసే బలంగీర్ కూలీకి జబ్బు చేస్తే, ఒడిశా ఇచ్చిన బిజూ కార్డు ఆ ప్రభుత్వం రాష్ట్రం వెలుపల ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో తప్ప చెల్లేది కాదు. తెలంగాణ ఆరోగ్యశ్రీకి అతడు పరాయివాడు. ఎక్కడి కార్డు ఎక్కడైనా చెల్లే ఏర్పాటు కేంద్రం మాత్రమే చేయగలదు, చేసింది. ముంబయికి వలసపోయే పాలమూరు కుటుంబాలున్న మనకు దీని విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. కేంద్రానికి సహజంగా చెందవలసిన పని ఇది. రాష్ట్రాల మధ్య సర్దుబాటు చేయడం, వెనుకబడిన రాష్ట్రానికి ఎక్కువ డబ్బివ్వడం దాని పనులు. గుమ్మడిదలలో ఎవరు పేదో తేల్చడం దాని పని కాదు.

తన జాబితాను అది ఎంత చక్కగా నిర్వహించిందో కూడా మనకు తెలుసు. 2023లో కాగ్ నివేదిక బయటపెట్టిన ప్రకారం దాదాపు ఏడున్నర లక్షల లబ్ధిదారుల పేర్లు ఒకే ఒక్క సెల్‌ఫోన్ నంబరుకు ముడిపడి ఉన్నాయి. పది తొమ్మిదుల నంబరు అది. చనిపోయినట్టు నమోదైనవారికి తరువాత చికిత్స జరిగిన దాఖలాలూ అందులోనే ఉన్నాయి. బోగస్ తెల్లకార్డుల మీద ఉపన్యాసాలు వినీ వినీ ఉన్నాం గనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

డబ్బును ఆయుధంగా వాడే పాత అలవాటు కూడా సజీవంగా ఉంది. 2023 నవంబరులో కేంద్రం ఆరోగ్య కేంద్రాలకు ‘ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్’ అని పేరు పెట్టమంది. పేరు, గుర్తుల విషయంలో మాట వినలేదన్న కారణంగా పంజాబ్, కేరళ, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలకు జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు ఆగిపోయాయి. ఆశా కార్యకర్తల పారితోషికాలు, టీకాల పనులు ఆ నిధుల మీదే ఆధారపడి ఉంటాయి. 1976లో ఎనిమిది శాతం ఆపరేషన్ల లెక్కకు ముడిపడింది; ఇప్పుడు బోర్డు మీది అక్షరాలకు. పంజాబ్ తన క్లినిక్కులకు పార్టీ పేరును తలపించేలా ‘ఆమ్ ఆద్మీ’ అని పెట్టుకోవడం సమర్థనీయం కాదు. దానికి శిక్ష గర్భిణికి పడడం అంతకన్నా కాదు.

పొరుగు దేశం పాకిస్తాన్‌లో ఇదే కథ మరో రూపంలో నడిచింది. 2010లో 18వ సవరణ ఆరోగ్యాన్ని రాష్ట్రాలకు వదిలివేసింది, 2011లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖనే రద్దు చేశారు. రెండేళ్లకు అది కొత్త పేరుతో తిరిగి వచ్చింది. 2015 చివరలో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా నాలుగు జిల్లాల్లో సెహత్ కార్డు మొదలుపెట్టింది, అదే డిసెంబరులో నవాజ్ షరీఫ్ కేంద్రం తరఫున తన కార్డు తెచ్చాడు. 2021 నాటికి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా పేద, ధనిక తేడా లేకుండా ప్రతి కుటుంబానికీ వర్తింపజేసింది. సింధ్ మాత్రం మాకు కార్డు వద్దు, మా ప్రభుత్వ ఆసుపత్రులకే డబ్బు పెడతామంది. ఈ రెండింటిలో ఏది మేలన్న వాదం అక్కడ ఇంకా సాగుతోంది. కార్డు వద్దనే హక్కు సింధ్‌కు ఉండడం మాత్రం ఆ సవరణ వల్లనే. మన దేశంలో కార్డు వద్దన్న రాష్ట్రానికి ఆ డబ్బు మరో రూపంలో కూడా రాదు.

ఇంత చెప్పి రాష్ట్రాలను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019లో మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. పరిమితులు మాత్రం వేలంపాటలా పెరిగాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో కొత్త ప్రభుత్వం 10 లక్షలన్నది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలన్నది. రాజస్థాన్ అంతకుముందే 25 లక్షలకు వెళ్లింది. అంత సొమ్ము ఖర్చయ్యే రోగి లక్షకొకడు ఉంటాడో లేదో. బకాయిలు అందక ఆసుపత్రులు సేవలు నిలిపివేస్తామని ప్రకటించడం రెండు రాష్ట్రాల్లోనూ, అన్ని పార్టీల హయాంలోనూ ఏటేటా జరిగే తంతు. చెల్లించని 25 లక్షల కంటె చెల్లించే రెండు లక్షలు మేలని పేదవాడికి తెలుసు, అతడిని అడిగేవారు లేరు. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2020 కల్లా రాష్ట్రాలు తమ బడ్జెట్లలో 8 శాతానికి మించి ఆరోగ్యానికి కేటాయించాలంది. ఎక్కువ రాష్ట్రాలు ఆ గీతను తాకలేదు. అదే విధానం ప్రభుత్వాలన్నీ కలిసి 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతం పెట్టాలంది. అదీ జరగలేదు. దేశంలో ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు ఈ లోటు రాష్ట్రాలవే.

పదిహేనో ఆర్థిక సంఘం అధ్యక్షుడు ఎన్.కె. సింగ్ ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాకు మార్చాలని బహిరంగంగా సూచించారు. ఆ సంఘమే 2021-26 మధ్య స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది, ఎక్కడ ఎలా ఖర్చు పెట్టాలో కూడా ముందే చెప్పి. జాబితా మారిస్తే కొత్తగా వచ్చేదేమిటి? డబ్బు ఇవ్వడానికి కేంద్రానికి 282వ అధికరణం ఎప్పుడూ అడ్డు రాలేదు. మారేది ఒక్కటే, కాదనే హక్కు రాష్ట్రానికి పోతుంది. ఆ హక్కు ఉండబట్టే 2008లో ఆంధ్రప్రదేశ్ 30 వేల బీమాకు కాదని చెప్పి రెండు లక్షల పథకాన్ని నిలుపుకుంది. పదేళ్ల తరువాత కేంద్రం అనుసరించినది ఆ పథకాన్నే.

లెక్క విషయంలో కేంద్రం కొంత వెనక్కి తగ్గింది. 2022 జనవరిలో దశాబ్దపు జనాభా పెరుగుదలను కలిపి 10.74 కోట్ల కుటుంబాలను 12 కోట్లు చేసింది, 2011 జాబితాలో దొరకని వారిని రాష్ట్రాలు తమ దగ్గరున్న ఇతర జాబితాల నుంచి తీసుకోవచ్చునంది. సంఖ్య తనది, పేర్లు రాష్ట్రానివి. 2024 అక్టోబరులో డెబ్భై ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా పథకం వర్తింపజేసింది. ఆ ముసలివాళ్ల వైద్యానికి కూడా నూటికి నలభై రాష్ట్రాలే పెట్టాలి. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జనగణన జరగనున్నది, కులాల లెక్కతో సహా. ఆ గణన పూర్తయ్యాక పేదల జాబితా మళ్లీ తయారు చేయక తప్పదు. ఆ జాబితాలో ఏ ప్రమాణం పెట్టాలన్న చర్చ రాష్ట్రాలతో ఇంకా మొదలు కాలేదు. 2011లో మాదిరిగా పక్కా గోడ, ఫ్రిజ్, ద్విచక్ర వాహనం చూసి పేద కాదని తేల్చే పద్ధతికి ఈసారి అంగీకరిస్తారా లేదా అన్నది హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు ఇప్పుడే చెప్పవలసిన మాట.